తూలేదెవరు, తడబడేదెవరు

చిలకలూరిపేట,
మాఘమాసం.

బావా,

సింధనూరు క్యాంపులో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నావని, వేవర్, టాటర్, స్టాగర్, వాబుల్, ఫాల్టర్ దగ్గరికొచ్చేసరికి పాఠం ముందుకు సాగడం లేదని రాశావు. గైడులో అన్నిటికీ కలిపి "ఊగు, తూలు, తడబడు" అని ఇచ్చాడట. ఆ గైడు అవతల పడెయ్. వీటిలో ఒకటి ఇంకోదానికి బదులు రాదు. కదులుతున్నదేది, దానిలో పట్టు తప్పినదేది అని అడిగితే ఏ క్రియ వాడాలో దానంతటదే తేలుతుంది.

ఇక్కడ మిరపకాయల రోజులు గదా. గుంటూరు యార్డులో ఒక పూట నిలబడితే సగం పాఠం అక్కడే దొరుకుతుంది. కొత్తగా పనిలోకొచ్చిన కుర్రాడి వీపు మీద నలభై కిలోల పైచిలుకు మిరప బస్తా, అదే టిక్కీ, వేస్తారు. మొదటి అడుగు పక్కకు పడుతుంది. దాన్ని సర్దుకోబోయి రెండోది ఇంకో పక్కకు వేస్తాడు. పడిపోడు, అట్లాగని తిన్నగానూ పోడు. అది స్టాగర్. బరువుకో, దెబ్బకో, మందుకో కాళ్లు చెరో దారి పడితే ఈ మాట. వాడి పక్కనే పాత హమాలీ అదే బరువుతో, నోట్లో బీడీ కూడా తియ్యకుండా నడిచిపోతుంటాడు. ఆయనకు ఈ క్రియతో పనిలేదు.

టాటర్‌కు మోసే బరువు అక్కర్లేదు, లోపం కాళ్లలోనే ఉంటుంది. ఒంగోలు ఆవు ఈనిన కాసేపటికి దూడ లేవడం నువ్వు చూసినవాడివే. ముందు వెనక కాళ్లు లేపుతుంది, ముందు మోకాళ్ల మీద కాసేపు ఆగుతుంది, ఒక్క ఊపున లేచి నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపి, మళ్లీ కూలబడి, మళ్లీ లేచి పొదుగు వెతుక్కుంటూ పోతుంది. ఆ నడక టాటర్. పసివాళ్లకూ ముసలివాళ్లకూ ఇదే వాడతారు. పునాది కదిలిన గోడకీ, మెజారిటీ చాలని ప్రభుత్వానికీ కూడా వాడతారు.

వాబుల్ ఎక్కువగా వస్తువులది: నట్లు వదులైన ట్రక్కు చక్రం, ఒక కోడు పొట్టిదైన మంచం. అడుగు కదలకుండా పైభాగం అటూ ఇటూ పోతే స్వే. పత్తి బోరాలు ఎత్తుగా కట్టుకుని మన హైవే మీద పోయే లారీని వెనకనుంచి చూస్తే చాలు. డ్రైవరు క్లచ్ వదిలినప్పుడు బస్సంతా ఒక్క కుదుపు కుదిపి, నిలబడ్డవాళ్లని వెనకవాళ్ల మీద పడేస్తే లర్చ్.

ఫాల్టర్‌కు మాత్రం మన తడబడు అచ్చం సరిపోతుంది. రెండూ నడకకీ, మాటకీ చెల్లుతాయి. తేజ రకం మిరప రేటు విన్న రైతు ఇంటికి ఫోన్ చేసి "ఎంతకు పోయిందంటే..." అని ఆగి, గొంతు సవరించుకుని మళ్లీ మొదలెడతాడు చూడు, అక్కడ ఫాల్టర్ తప్ప ఇంకేదీ నప్పదు.

ఇక మనసు సంగతి. ఇక్కడే పిల్లలు బాగా తికమకపడతారు. అమ్మేద్దామా, కోల్డ్ స్టోరేజీలో పెడదామా అని పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పేవాడు వాసిలేట్ చేస్తున్నట్టు. ఊగిసలాట అన్నమాట. ఏ పనీ మొదలెట్టక మీనమేషాలు లెక్కబెడుతూ కూచునేవాడిది డిథర్. వేవర్ ఈ రెండూ కాదు. దానికి మామూలుగా ముందు గట్టి నిర్ణయం ఒకటి ఉంటుంది. "ఈ ఏడు మిరప జోలికి పోను" అని పిల్లల మీద ఒట్టేసినవాడు, నారుమడుల వేళకి పక్కవాడు నారు పోస్తున్నాడని విని "ఒక్క ఎకరం వేస్తే ఏం పోయింది" అంటాడే, అదీ వేవర్. అన్నవాడు తర్వాత వెయ్యకపోవచ్చు కూడా. సడలిన ఆ క్షణానికే ఈ మాట.

ధరకి వేవర్ రాస్తే మాత్రం మార్కు తగ్గించు. ధర ఎక్కుతూ దిగుతూ ఉంటే ఫ్లక్చుయేట్ అనాలి. అల అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి వచ్చిందది. వేవర్ కూడా వేవ్‌కు చుట్టమే గానీ ఇక్కడ నప్పదు. తేజ 2023లో క్వింటా 20,000 దాటింది. 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. దాన్ని ఫ్లక్చుయేట్ అనడానికి కూడా నాకు నోరు రాదు. అది కూలడమే.

రీల్ గురించి అడిగావు. గట్టి దెబ్బ తగిలి తల తిరిగి తూలడం. మన ఇంగ్లీషు పేపర్లకి ఇదంటే మహా మోజు. కరువు వస్తే చాలు, రైతులు దాని కింద "రీలింగ్ అండర్" అని రాసేస్తాయి. అసలు ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా దెబ్బ "నుంచి" రీల్ అవుతారు, ఫ్రమ్ అంటారు. నా అభ్యంతరం అది కూడా కాదు. 1987-88లో మన ప్రకాశం జిల్లాలో తెల్లదోమ పత్తిని తినేసింది. పైరిత్రాయిడ్ మందులు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, మందుల కొట్టులో పద్దూ పెరిగింది, చివరికి రైతులు ఆ మందే తాగారు. సీజనంతా కొద్దికొద్దిగా బిగుసుకున్న ఉరిని రీల్ అంటే ఒప్పుకోను.

ఇంకో తమాషా. స్టాగర్‌కు తూలడం కాక, విడతలుగా సర్దడం అనే అర్థం కూడా ఉంది. లక్షకు పైగా టిక్కీలు ఒకేరోజు యార్డు మీద పడితే, సరుకు ఒకేసారి తేవద్దని, రోజులు మార్చి తెమ్మని చెప్పడమూ స్టాగరే. అట్లాగే రుణమాఫీని లోన్ వెయివర్ అంటారు గదా. అది పలకడానికి అచ్చం మన వేవరే, రాతలో మధ్య ఒక ఐ ఎక్కువ. పిల్లలు ఆ ఐ మింగేస్తారు. 2014లో మన రాష్ట్రంలో కుటుంబానికి 1,50,000 దాకా మాఫీ అన్నారు, తర్వాత విడతలుగా ఇచ్చారు. అంటే వెయివర్ కాస్తా స్టాగర్ అయింది. ఈ ముక్క చెప్పు, రెండు స్పెల్లింగులూ చచ్చినా మరిచిపోరు.

"జతపరచండి" ప్రశ్నలు ఇవ్వకు. ఒక్కొక్కడి చేత నడిపించు, మిగతావాళ్లని క్రియ చెప్పమను. మీ తుంగభద్ర ఆయకట్టులో మిరప ఉదాహరణలు పిల్లలకి అంతగా అందకపోతే వరి ఉంది. గాలికి కంకి ఊగితే స్వే. వానకి చేను నేలకొరిగితే మాత్రం వ్యవసాయ శాస్త్రం వాళ్లు లాడ్జింగ్ అంటారు. లాడ్జి అనగానే సింధనూరు బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చేది గుర్తొచ్చి నవ్వుతారు, నవ్వనీ. వాళ్లు రాసిన వాక్యాలు దిద్దకుండానే నాకు పంపు, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ