టోకెన్

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలయ్యాక ఓరోజు అమీర్‌పేటలో నా చేతికి ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చి, టోకెన్ అన్నారు. ఆ మాట వినగానే నాకు చిన్నప్పటి మహబూబ్‌నగర్ స్టేషన్ కళ్లముందుకొచ్చింది.

అప్పుడా దారి మీటరు గేజి. పట్టాల మధ్య ఎడం సరిగ్గా ఒక మీటరు. సికింద్రాబాద్ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, పాలమూరు అని మేం పిలుచుకునే మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా ద్రోణాచలం దాకా ఒక్కటే లైను. ఎదురుబండి ఏదో స్టేషన్లో ఆగి దారి ఇవ్వాలి. స్టేషన్ మాస్టరు గదిలో ఎర్రటి ఇనుప యంత్రం ఉండేది. దాంట్లోంచి ఓ ఇనుప గుండు బయటికి తీస్తే, అది అవతలి స్టేషన్ యంత్రంలో పడేదాకా రెండు వైపులా మరో గుండు రాదు. అదే టోకెన్, డ్రైవరుకు ముందుకెళ్లే అనుమతి. దాన్ని తోలు సంచిలో వేసి బెత్తపు చక్రానికి కట్టేవాళ్లు. ఆగని బండి వస్తే, ప్లాట్‌ఫారం మీద మనిషి ఆ చక్రం ఎత్తి పట్టుకునేవాడు. ఇంజను పొగలోంచి ఓ చెయ్యి వచ్చి, దూరిపోయేది అందులోకి. అంత ధైర్యంగల మనుషుల్ని నేను మళ్లీ చూడలేదు.

టికెట్టు గట్టి అట్టముక్క. తేదీ మిషన్లో 'ఠక్'మనేది. దిగాక గేటు దగ్గర ఇచ్చేయాలంటే ఏడుపొచ్చేది.

చలికాలం ముందు బాలానగర్‌లో గంపల నిండా సీతాఫలాలు ఎక్కేవి. కళ్లు విచ్చినవి ఏరి మా ఒడిలో పోసేది అమ్మమ్మ. ఎండాకాలం ఎక్కేది మాత్రం మనుషులే: తట్టలు, పారలు, సద్దిమూటలు, చంకల్లో పసిపిల్లలు. ఎక్కడి ఆనకట్టకో, ఎక్కడి కాలువకో మేస్త్రీ వెంట పోయే పాలమూరు జనం. "పైలం బిడ్డా" అన్న మాట ఆ ప్లాట్‌ఫారం మీద విన్నన్ని సార్లు ఇంకెక్కడా వినలేదు.

జడ్చర్ల దాటగానే అమ్మమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టేది. 1956 సెప్టెంబరు వానల్లో అక్కడ వంతెన కూలి, బండి వాగులో పడి వంద మందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరులో మరో రైలు ప్రమాదం జరిగాకే ఒప్పుకున్నాడు.

తొంభైల్లో పట్టాలు వెడల్పయ్యాయి. మొన్న అమ్మమ్మ దండం పెట్టే వాగు కోసం కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. దివిటిపల్లి పోయింది, మహబూబ్‌నగర్ వచ్చేసింది. ఆ వాగు ఏదో పోల్చుకోలేకపోయాను.