గట్టిదైతే చాలదు

జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలోని ఆ తెలుగింట్లో వారం రోజులుగా ఒకటే పేచీ. కారుకు ఎలాంటి స్ప్రింగులు వేయించాలి? కొడుకు ఏడాదికోసారి గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కు వెళ్తాడు. మలుపుల్లో బండి ఒరగకుండా బాగా గట్టివి కావాలంటాడు. ట్రక్కుల ప్లాంటులో రిటైరైన తండ్రి ఒప్పుకోడు. 2014లో ప్రైమా ట్రక్కులు అదే సర్క్యూట్‌లో పందెం పరుగెత్తితే మురిసిపోయింది ఈయనే!

"ఖాళీ లారీ గతుకుల్లో ఎలా ఎగురుతుందో చూడలేదా? లోడు కోసం వేసిన కమాను పట్టీలు ఖాళీ బండికి వంగవు. టైరు గాల్లో ఉంటే బ్రేకేం పడుతుందిరా?"

నున్నటి ట్రాక్ మీద పట్టునిచ్చే గట్టిదనమే గతుకుల రోడ్డు మీద పట్టు తప్పిస్తుంది. నాబ్ తిప్పి సర్దుకునే డాంపర్లున్నాయిగా అన్నాడు కొడుకు. చాలామంది పొరబడేది అక్కడే. నాబ్ స్ప్రింగు ఊగిసలాటను అదుపు చేస్తుందే తప్ప దాని గట్టిదనాన్ని మార్చదు. పైగా నడుము నొప్పితో బాధపడే తల్లిని నెలనెలా ఆసుపత్రికి తీసుకెళ్లేదీ ఆ కారులోనే.

చివరికి కంపెనీవాటికన్నా కాస్త మాత్రమే గట్టి స్ప్రింగులు, సర్దుకునే డాంపర్లు ఖాయమయ్యాయి. మొదటి ట్రయల్‌కు తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టారు.