మణలి నుంచి గూడూరు దాకా, ఒక లీటరు వెంట

చెన్నై నుంచి పోయే కోల్‌కతా రోడ్డు మాధవరంలో మొదలవుతుందని మ్యాపు చూసినవాళ్లు అంటారు. నా లెక్కలో అది ఇంకొంచెం తూర్పున, మణలిలో మొదలవుతుంది. 1965లో మద్రాస్ రిఫైనరీస్‌గా ఏర్పడి, ఇప్పుడు చెన్నై పెట్రోలియం కార్పొరేషన్‌గా నడుస్తున్న శుద్ధి కర్మాగారం అక్కడే ఉంది. ఏడాదికి కోటీ అయిదు లక్షల టన్నుల ముడిచమురును శుద్ధి చేయగలదు. అక్కడికి కాస్త పైన ఎన్నూరు. 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టి, 1955లో అశోక్ లేల్యాండ్‌గా మారిన కంపెనీ లారీలు చేసే చోటు. అదే ఎన్నూరు రేవులో 2019 నుంచి ఓడల మీద ద్రవరూపంలో సహజవాయువు దిగుతోంది. డీజిలు, గ్యాసు, వాటిని తాగే బండి, మూడూ ఇరుగుపొరుగున పుడుతున్నాయి. ఇంత అనుకూలమైన చోట మొదలైన రోడ్డు మీద బండి ఎంత మైలేజీ ఇస్తుందన్నది తేలిగ్గా తేలాల్సిన విషయం. తేలదు.

మొదటి లీటరు ఇక్కడ కదలకుండానే ఖర్చవుతుంది. చెన్నై రేవు గేటు కోసం మణలి రోడ్డు మీద, ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద కంటైనర్ ట్రైలర్లు బారులు తీరడం చెన్నై పాత జబ్బు. రోడ్డు వెడల్పు చేసే పథకం ఏళ్ల తరబడి సాగింది. క్యూలో నాలుగు గజాలు కదలడం, ఆగడం, మళ్లీ నాలుగు గజాలు. పెద్ద డీజిల్ ఇంజిను ఊరికే తిరుగుతూ నిలబడినా గంటకు రెండు లీటర్ల దాకా తాగేస్తుంది. ఆ గంటలో కిలోమీటర్ల ఖాతాలో పడేది దాదాపు సున్నా. నెలాఖరున ఓనరు పుస్తకంలో అది డ్రైవరు పనితనంగా కనబడుతుంది. డీజిలు దొంగిలించాడేమో అన్న అనుమానాలు సగం ఇలాంటి గంటల్లోంచే పుడతాయి.

మాధవరం చేరేసరికి చుట్టూ తెలుగు వినిపిస్తుంది. ఆంధ్రా వైపు బస్సులు 2018 నుంచి ఇక్కడి స్టాండు నుంచే బయల్దేరుతున్నాయి. గోదాములు, పార్శిల్ ఆఫీసులు, లోడు కోసం ఎదురుచూసే బండ్లు. నెల్లూరు వైపు వెళ్లే సరుకు కొంత పది చక్రాల లారీల్లోకి, కొంత బొలెరో పికప్పుల్లోకి, దోస్త్‌ల్లోకి ఎక్కుతుంది. దోస్త్ 2011లో అశోక్ లేల్యాండ్ నిస్సాన్‌తో కలిసి తెచ్చిన చిన్న బండి. మూడు సిలిండర్లు, లీటరున్నర డీజిల్ ఇంజిను, టన్నుంబావు సరుకు మోస్తుంది. తయారయ్యేది హోసూరులో.

"ఎంత ఇస్తుందన్నా?" అని ఇక్కడ ఎవరిని అడిగినా ఒక్క అంకె చెప్పరు. "ఎక్కించేదాన్ని బట్టి" అంటారు. ఇంకా గుచ్చితే దోస్త్ వాళ్లు పద్నాలుగు అటూఇటూ, బొలెరో వాళ్లు పన్నెండు, పది చక్రాల లారీ వాళ్లు నాలుగు అంటారు. వినగానే లారీ మీద జాలేస్తుంది. కానీ టన్నుతో గుణించి చూడండి. దోస్త్ ఒక లీటరుతో టన్నుంబావును పద్నాలుగు కిలోమీటర్లు మోస్తే, పదిహేడున్నర టన్ను-కిలోమీటర్ల పని జరిగినట్టు. పది చక్రాల, అంటే మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు పరిమితిని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. బండి సొంత బరువు తీసేసి, సరుకు పద్దెనిమిది టన్నులు అనుకుందాం. నాలుగు కిలోమీటర్లకు డెబ్బయి రెండు. పద్నాలుగు ఇచ్చేదానికంటే నాలుగు ఇచ్చేది నాలుగింతలు పొదుపు చేస్తోంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే ప్రశ్న మోటారు సైకిలుకు సరిపోతుంది. బరువు మోసే బండికి అది సగం ప్రశ్నే. అలాగని పికప్పును తీసిపారేయలేం. పద్దెనిమిది టన్నుల సరుకు పోగయ్యేదాకా పాలవాడు ఆగడు, చేపలు అసలే ఆగవు.

గ్యాసు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చెన్నైలో, తిరువళ్లూరు జిల్లాలో ఇంటింటి గ్యాసు, బంకుల గ్యాసు టోరెంట్ గ్యాస్ చేతిలో ఉంది. సీఎన్‌జీ పికప్ వాడేవాళ్లు "కిలోకు పద్దెనిమిది వస్తోంది" అని గొప్పగా చెబితే డీజిలు వాళ్లు కాస్త చిన్నబోతారు. అక్కర్లేదు. ఒక కిలో సీఎన్‌జీలో ఉన్న శక్తి సుమారు లీటరూ మూడో వంతు డీజిలుతో సమానం. అంటే కిలోకు పద్దెనిమిది, లీటరుకు పదమూడున్నరకు సమానం. గ్యాసు గెలిస్తే ధరలో గెలుస్తుంది, ఇంజినులో కాదు. స్పార్కు ప్లగ్గుతో వెలిగే ఇంజిను, గాలిని నొక్కి నొక్కి ఆ వేడికే మండించే డీజిల్ ఇంజినుకు పొదుపులో సాటిరాదు. పైగా గ్యాసు మైలేజీని కొలవడమే కష్టం. సిలిండరు 200 బార్ల ఒత్తిడికి నింపాలి. గబగబా నింపితే సిలిండరు వేడెక్కుతుంది, వేడెక్కిన గ్యాసు చోటు ఎక్కువ తీసుకుంటుంది, ముల్లు నిండిందని చూపించినా తూకంలో తక్కువే పడుతుంది. మే నెల మధ్యాహ్నం చెన్నైలో ఫుల్ చేయించిన బండి, డిసెంబరు తెల్లవారుజామున ఫుల్ చేయించిన బండి ఒకటి కావు. బిల్లు మీద కిలోలు చూసి లెక్క కట్టాలే గానీ ముల్లును నమ్మకూడదు.

పుళల్ చెరువు పక్కనుంచి రెడ్ హిల్స్ దాటే దాకా బండి రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్యనే తచ్చాడుతుంది. ప్రతిసారీ బ్రేకు నొక్కడమంటే అంతవరకు కొన్న వేగాన్ని వేడిగా మార్చి గాలిలో కలపడం. బరువు అసలు బాధ పెట్టేది ఇక్కడే. నల్లూరు టోల్‌గేటు దగ్గర కొంత మేలు జరిగింది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక చిల్లర కోసం ఆగే క్యూ పోయింది.

కారనోడై వంతెన మీద కొసస్థలై దాటాక రోడ్డు తెరుచుకుంటుంది. ఇక్కడి నుంచి నెల్లూరు దాకా ఘాట్ రోడ్డు లేదు, చెప్పుకోదగ్గ ఎత్తు లేదు, సముద్రపు ఒడ్డు నేల. పికప్పులకు బరువు కంటే ఇక్కడ గాలే ఎక్కువ అడ్డు పడుతుంది. అరవై మీద పోయే బండి ఎనభై అందుకుంటే గాలి ఎదురుదెబ్బ దాదాపు 1.8 రెట్లవుతుంది. గుమ్మిడిపూండిలో ఇనుప కడ్డీలు ఎక్కించిన పికప్పు, నెల్లూరుకు ఖాళీ థర్మాకోల్ చేపల పెట్టెలు మిద్దెంత ఎత్తున పేర్చుకుని పోయే పికప్పు పక్కపక్కన నడుస్తుంటాయి. కడ్డీల బండి బరువెక్కువ, తాగుడూ ఎక్కువే అనుకుంటాం. ఎనభై దగ్గర ఆ పెట్టెల బండి కూడా తక్కువేం తాగదు. టార్పాలిన్ అంచు వదులై కొట్టుకుంటుంటే మరీను.

ప్రభుత్వం కూడా కొలిచింది, తనదైన పద్ధతిలో. 2017 ఆగస్టులో కేంద్రం పన్నెండు టన్నులు దాటిన వాహనాలకు ఇంధన వినియోగ ప్రమాణాలు ప్రకటించింది. పరీక్ష ఎలాగంటే టెస్ట్ ట్రాక్ మీద నిలకడగా నలభై, నిలకడగా అరవై. చెన్నైకి దక్షిణాన ఒరగడంలో అలాంటి ట్రాకులున్న పరిశోధన కేంద్రమూ ఉంది. ఇంజిను, టైర్ల బాగోగులు తేల్చడానికి ఆ పరీక్ష మంచిదే. దాన్ని నేను తప్పు పట్టను. కానీ అందులో గేదె లేదు, ఎదురు దారిలో వచ్చే ట్రాక్టరు లేదు, టీ కొట్టు లేదు. న్యూట్రల్‌లో వదిలేసే అలవాటూ లేదు. పాత బండ్లలో ఆ అలవాటుకు ఏదో అర్థం ఉండేది. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలేటరు వదిలితే డీజిలు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజిను బతికుండడానికి కొంత తాగుతుంది. ఈ మాట చెబితే పాతకాలపు డ్రైవర్లు మర్యాదగా వింటారు, తర్వాత న్యూట్రల్ వేస్తారు.

ఎలావూరు, ఆరంబాక్కం. తమిళనాడు చివరి బంకులు. ఆంధ్రా వైపు పోయే ప్రతి బండీ ఇక్కడ ఫుల్ చేయిస్తుంది. డీజిలు మీద తమిళనాడు పన్ను 11 శాతం, దాని మీద లీటరుకు 9.62 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌ది 22.25 శాతం, దాని మీద నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఆ లెక్కన గీత దాటితే లీటరుకు నాలుగైదు రూపాయల తేడా వస్తూ ఉంది. తడ దాటాక బంకు పెట్టుకున్న యజమానుల బాధ వేరే కథ. మైలేజీ కొలిచేవాళ్లకు మాత్రం ఈ పన్ను తెలియకుండానే మేలు చేసింది. ప్రతి ట్రిప్పుకూ అదే బంకు, అదే పంపు, అంచు దాకా ఫుల్. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు దాకా పోసిన లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు. ఇంతకంటే నిఖార్సయిన కొలత రోడ్డు మీద ఇంకోటి లేదు.

తడ పక్కనే శ్రీసిటీ. ఇసుజు కంపెనీ 2016 ఏప్రిల్‌లో ఇక్కడ ఫ్యాక్టరీ తెరిచింది, డీ-మ్యాక్స్ పికప్పులు ఇక్కడే పుడతాయి. దాని వీ-క్రాస్ మోడల్ మొదట రెండున్నర లీటర్ల ఇంజినుతో వచ్చి, తర్వాత 1.9 లీటర్లకు దిగింది. మన దగ్గర పికప్ కొనేవాడు డీజిలా సీఎన్‌జీయా అని తర్జనభర్జన పడితే, అమెరికాలో డీజిలా పెట్రోలా అని. అక్కడ ఒక వింత ఉంది. 8,500 పౌండ్లు, అంటే దాదాపు 3,850 కిలోల మొత్తం బరువు పరిమితి దాటిన పికప్పులకు ప్రభుత్వ మైలేజీ స్టిక్కరు అంటించనక్కర్లేదు. ఎక్కువ తాగేవాటికే చీటీ లేదన్నమాట. టెక్సాస్‌లో భారీ పికప్ కొన్న మనవాడు కూడా ఆరంబాక్కం పద్ధతిలోనే, బిల్లులు దాచుకుని లెక్క కట్టుకోవాలి. అక్కడ డీజిలు ధర సాధారణంగా పెట్రోలు కంటే ఎక్కువ, డీజిలు ఇంజినుకు అదనపు డబ్బు కూడా పెట్టాలి. వెనక బరువైన ట్రైలరు తరచూ లాగేవాడికే అది గిట్టుబాటు.

మనకు 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక లెక్కలో కొత్త పద్దులు చేరాయి. లారీలకు యూరియా కలిపిన నీళ్లు, నూటికి 32.5 పాళ్లు యూరియా, వేరే ట్యాంకులో పోయాలి. పొగగొట్టంలో చేరిన మసిని కాల్చేసుకోవడానికి బండి అప్పుడప్పుడూ అదనంగా డీజిలు చల్లుకుంటుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే పికప్పుకు ఈ కాల్పులు ఎక్కువ, హైవే బండికి తక్కువ. మైలేజీ పడిపోయిందని షెడ్డుకు తెచ్చే బండ్లలో కొన్నిటికి జబ్బేమీ ఉండదు, ఊరు దాటకపోవడమే జబ్బు.

సూళ్లూరుపేటలో తూర్పు దారి శ్రీహరికోటకు పోతుంది. అక్కడ 320 టన్నుల పీఎస్ఎల్‌వీ రాకెట్ పైకి లేచి, ధ్రువ కక్ష్యలో పెట్టేది 1,750 కిలోలు. బొలెరో పికప్పు మోసేపాటి సరుకు. దాని మైలేజీ ఎవరూ అడగరు, అదృష్టవంతురాలు.

నాయుడుపేటలో స్వర్ణముఖి దాటితే ఇక గూడూరు. నెల్లూరులో సరుకు దించి తిరిగొచ్చే పికప్పులు ఇక్కడ నిమ్మకాయల మార్కెట్ దగ్గర ఆగుతాయి. ఖాళీగా చెన్నై చేరితే లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువే వస్తుంది, పుస్తకంలో అంకె ముచ్చటగా ఉంటుంది, టన్ను లెక్క మాత్రం సున్నా. చెన్నై కోయంబేడు మార్కెట్‌కు నాలుగు బస్తాలు దొరుకుతాయేమోనని పూట పూటంతా కాచుకున్న డ్రైవర్లను ఇక్కడ చూడొచ్చు. బస్తాలు దొరికితే మైలేజీ తగ్గుతుంది, ట్రిప్పు మిగులుతుంది. దొరకనివాళ్లు చీకటి పడ్డాక ఖాళీ ట్రాలీతో తడ వైపు బయల్దేరతారు, ఆరంబాక్కం బంకు వచ్చేదాకా ట్యాంకు సరిపోతుందా అని ముల్లు చూసుకుంటూ.