నీలం గుంటలు

నేను డాక్టర్ని కాను. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి, ఇరవై ఏళ్ళుగా ఊరూరా తిరిగి ఎవరి కంపెనీ లెక్కలు వాళ్ళకి సరిగ్గా వచ్చేట్టు చూడడమే నా పని. మస్కట్ వచ్చి పదకొండేళ్ళయింది. ఇలాంటివాడికి క్షయ గురించీ, ఆకుల గురించీ ఏం తెలుసని మీరడిగితే, తెలిసింది కొంచెమే. ఆ కొంచెమే నోరు జారి చెప్పాను. అదీ సంగతి.

2023లో ఇక్కడి ఒక పరిశోధనశాల వాళ్ళకి చిన్న ప్రోగ్రాము కావలసి వచ్చింది. సలాలా కొండల్లోంచి తెచ్చిన ఆకులు, బెరళ్ళ సారాలు క్షయ జాతి సూక్ష్మజీవుల మీద ఏమైనా పని చేస్తాయా అని చూస్తున్నారు. ఒమన్ అంటే ఎడారీ, ఒంటెలూ అనుకునేవాళ్ళు సలాలాని ఆగస్టులో చూడాలి. మన గోదావరి మీదకి వానలు తెచ్చే నైరుతి గాలే ధోఫార్ కొండల్ని కూడా ఓ అంచున తాకిపోతుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఒకటే మంచుతెర. వాళ్ళు ఖరీఫ్ అంటారు. మన ఖరీఫ్ పంట కూడా ఆ అరబ్బీ మాటే. అమెజాన్ లాంటి వానల అడవి కాదది, పొగమంచుని ఆకులతో పట్టి తాగే అడవి. చెట్టు కింద నిలబడితే చొక్కా తడుస్తుంది, చెట్టు అవతల నేల పొడిగానే ఉంటుంది. అక్కడ ఎక్కువగా పెరిగే చెట్టు మన చిరుమానుకి దాయాది. వాదీ దర్బాత్‌లో దాని కింద నిలబడి నేను మొదటిసారి మా ఊరు గుర్తు తెచ్చుకున్నాను.

పని చూపించినావిడ ధోఫార్ మనిషే. ఆవిడ బల్ల మీద ఒక ప్లాస్టిక్ పళ్ళెం ఉంది, అచ్చం మన గుంటపునుగుల పెనంలా. కాకపోతే అరచేయంత పళ్ళెంలో 96 గుంటలు. ఒక్కో గుంటలో సూక్ష్మజీవులు, వాటికి తిండి, ఒక్కో మోతాదులో ఆకు సారం వేస్తారు. కొన్నాళ్ళాగి ఒక నీలం రంగు కలుపుతారు. జీవులు బతికుంటే ఆ రంగుని గులాబీగా మార్చేస్తాయి. చచ్చినా, పెరగకుండా ఆగిపోయినా నీలం నీలంగానే ఉంటుంది. ఎంత తక్కువ మోతాదులో నీలం నిలబడితే ఆ ఆకు అంత గట్టిదన్నమాట. రంగు కొలిచే యంత్రం ఇచ్చే అంకెల్ని పట్టికలో సర్దడం నా పని.

అసలు క్షయ క్రిమిని పెంచాలంటే గాలి కూడా బయటికి పోని ప్రత్యేకమైన గది కావాలి. అందుకని ముందుగా దానికి చుట్టమైన, మనకి పెద్దగా హాని చెయ్యని ఇంకో జీవి మీద చూస్తారు. ఇంకో సుఖం ఏమిటంటే అది మూడు నాలుగు గంటల్లో రెట్టింపవుతుంది. అసలుదానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పైన మైనం లాంటి మందమైన గోడ ఒకటి. ఆరు నెలలు మందు మింగాల్సి రావడానికి దాని ఈ నిదానమూ, మందుకి అందకుండా మగతగా పడుండే గుణమూ కారణాలట.

ప్రోగ్రాము మొదటి రూపం చూపించినప్పుడు ఆవిడ ఇంకో నిలువు వరస పెట్టమంది. అదే సారాన్ని జంతువుల కణాల మీద కూడా పోసి, అవి చస్తున్నాయో బతుకుతున్నాయో రాయడానికి. "ఇది రెండో దశలో పెడదాం, ఆలస్యమవుతుంది" అన్నాను, మా కన్సల్టెంట్ల ఊతపదం అది. ఆవిడ నవ్వి, "ఆ గుంటలో క్రిముల్ని చంపే విషం పోసినా నీలంగానే ఉంటుంది. తాగుతారా?" అంది. నోరు మూసుకుని వరస పెట్టాను.

ఇప్పుడు మా తమ్ముడి గురించి చెప్పాలి. సొంత తమ్ముడు కాదు. అమలాపురం దగ్గర పల్లెటూరి అబ్బాయి, మా కంపెనీ వ్యాను నడిపేవాడు. పేరెందుకు లెండి. రోజూ పొద్దున్న రువిలో ఎక్కించుకుని ఘాలాలో దింపేవాడు. నన్ను "అన్నయ్యగారండీ" అనేవాడు. చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు రెండొంతులు తీర్చాడు, ఇంకో వంతు ఉంది. ఆ చలికాలం అతనికి దగ్గు పట్టుకుంది. ఏసీ పడట్లేదన్నాడు. నేనూ సరేననుకున్నాను.

ఒక సాయంత్రం నేను మహా హుషారుగా వ్యానెక్కాను. ఆ రోజు పట్టికలో ఒక సలాలా ఆకు ఎదురుగా వరుసగా ఐదు గుంటలు నీలంగా నిలబడ్డాయి. నేనేదో కనిపెట్టినట్టు అతనికి మొత్తం చెప్పాను. ఆకులో మందుంది తమ్ముడూ, మన పెద్దవాళ్ళు వెర్రివాళ్ళు కాదు అన్నాను. ఆ ఊపులో అడ్డసరం కథ కూడా విప్పాను. అది అబద్ధం కాదు. మన కంచెల వెంట పెరిగే అడ్డసరం ఆకులో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాన్ని మార్చి చేసినవే బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రాక్సాల్. ప్రతి మందుల షాపులో దొరికే దగ్గు సిరప్పుల్లో ఉండేవి అవే. 1996లో ఇంగ్లండు పరిశోధకులు ఆ రెండూ గాజుపాత్రలో క్షయ క్రిమి పెరగకుండా ఆపాయని అచ్చు వేశారు. "అంటే టీబీకి కూడా పని చేస్తుందాండీ?" అన్నాడు. "చేస్తుందనే కదా చూస్తున్నారు" అన్నాను.

గాజుపాత్ర అన్న మాట నేను అన్నానో లేదో నాకిప్పటికీ గుర్తు లేదు. చుట్టం క్రిమి సంగతి, రెండో వరస సంగతి మాత్రం చెప్పలేదు, అది బాగా గుర్తు. ఆ ఆకు రెండో వరస అప్పటికింకా ఖాళీగానే ఉంది.

నాకు తెలియనిది ఏమిటంటే, అతనికి తన దగ్గేమిటో అప్పటికే అనుమానం ఉంది. బరువు తగ్గుతున్నాడు, రాత్రుళ్ళు చెమటలు. ఆసుపత్రికి ఎందుకు పోలేదంటే, గల్ఫు సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడికి రావాలంటే ముందే ఛాతీ ఎక్స్‌రే. అందులో క్షయ కనిపిస్తే అన్‌ఫిట్. ఎప్పుడో వచ్చి, మందులు వాడి, పూర్తిగా నయమై, మచ్చ మాత్రమే మిగిలినా అన్‌ఫిట్. మచ్చ అంటుకోదని డాక్టర్లందరికీ తెలుసు, అయినా నిబంధన అలాగే ఉంది. ఒమన్‌కే కాదు, గల్ఫు దేశాలన్నిటికీ ఒకటే పద్ధతి. ఒక్క ఫిల్ము బయటికి వస్తే ఆరు దేశాల తలుపులు ఒకేసారి మూసుకుంటాయి. అలాంటివాడికి ఎక్స్‌రే అక్కర్లేని మందు ఒకటుందని కంప్యూటరు చదువు చదివిన అన్నయ్యగారు చెప్పారు.

వాళ్ళమ్మ చేత ఎండబెట్టిన అడ్డసరం ఆకు తెప్పించుకున్నాడు. మత్రా సూక్‌లో లుబాన్ కొన్నాడు. సలాలా వైపు చెట్ల బెరడు గీస్తే కారే జిగురది, మన సాంబ్రాణికి పెద్దన్నలాంటిది. ఇక్కడివాళ్ళు రాత్రి నీళ్ళలో నానేసి పొద్దున్నే ఆ నీళ్ళు తాగుతారు. ఇతను రెండూ తాగాడు, రెండు నెలలు. దగ్గు కాస్త మెత్తబడింది కూడానట, అడ్డసరం చేసే పని అదే కదా. 2024 జనవరి ఆఖర్న ఒకరోజు స్టీరింగు మీద దగ్గితే రుమాలు ఎర్రగా అయింది.

నేనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కఫం పరీక్షలో తేలింది. వాళ్ళు బాగానే చూశారు, ఒంటరి గదిలో ఉంచి అంటుకునే దశ దాటేదాకా మందులిచ్చారు. దారిలో అతను చెప్పిందే నాకు మింగుడుపడలేదు. "మీరు చెప్పారు కదాని ధైర్యంగా ఉన్నానండీ."

రోజూ అదే వ్యానులో, అద్దాలు బిగించుకుని కూర్చున్నవాళ్ళందరికీ ఎక్స్‌రే తీయించమన్నారు. నాది వచ్చేదాకా నాలుగు రోజులు. సిగ్గుపడి చెబుతున్నాను, ఆ నాలుగు రోజులూ నేను అతని గురించి ఆలోచించలేదు. నా వీసా, పిల్లాడి స్కూలు, ఫ్లాట్ ఈఎమ్ఐ. ఒకరాత్రి మా ఆవిడ చూడకుండా లేచి, ఇంట్లో ఉన్న లుబాన్ ముక్క ఒకటి నీళ్ళలో వేశాను. పొద్దున్న పారబోశాను. ఫిల్ము శుభ్రంగా ఉంది.

మార్చిలో అతను ఊరెళ్ళిపోయాడు. కంపెనీ టిక్కెట్టు ఇచ్చింది, మళ్ళీ రమ్మనలేదు.

మా ఇంట్లో ఈ జబ్బు పేరు పెద్దగా పలికేవారు కాదు. తాతగారి తమ్ముడొకాయన్ని మదనపల్లె పంపారని మాత్రం నాన్న చెప్పేవాడు. 1915లో తెరిచిన ఆరోగ్యవరం శానటోరియం అది. అప్పటికి మందే లేదు. గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. ఆ తర్వాత మందులు వచ్చాయి. స్ట్రెప్టోమైసిన్ 1943లో మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, రిఫాంపిసిన్‌కి మూలమైన పదార్థం 1957లో ఫ్రాన్సు తీరాన పైన్ చెట్ల కింది మట్టిలోంచి, ఐసోనియజిడ్ రసాయనశాలలోంచి. అడవులన్నీ గాలిస్తున్నారు గానీ, క్షయకి ఈరోజు వాడే ముఖ్యమైన మందుల్లో చెట్టు నుంచి నేరుగా వచ్చింది ఒక్కటీ లేదు. రేపు రావచ్చు, వెతకడం తప్పని నేననను. 2023 ఒక్క ఏడాదిలో ఈ జబ్బుతో ప్రపంచంలో పన్నెండున్నర లక్షలమంది పోయారు. కొత్త రోగుల్లో నాలుగోవంతు మనదేశం వాళ్ళే.

మా తమ్ముడికి శానటోరియం అక్కర్లేకపోయింది. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం, ఇంట్లో ఉండి మందు వాడినా శానటోరియంలో వాడినంత గుణం ఉంటుందని తేల్చింది. ఆ పుణ్యాన కోనసీమలో వాళ్ళ అరుగు మీదే వైద్యం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత మందుల సంఖ్య తగ్గించారు. మొదటిరోజు మూత్రం నారింజరంగులో వచ్చిందని హడలిపోయి ఫోను చేశాడు. రిఫాంపిసిన్ రంగది, భయం లేదని చెప్పాను. ఈసారి డాక్టర్ని అడిగాకే చెప్పాను. తిండికి ప్రభుత్వం నెలకి 500 ఇచ్చేది (ఆ నవంబరు నుంచి వెయ్యి చేశారు). చెల్లెలి అప్పులో మిగిలిన వంతు నేను సర్దబోతే ఒప్పుకోలేదు.

ఆగస్టుకి కోర్సు పూర్తయింది. కఫం శుభ్రం. ఎక్స్‌రేలో కుడివైపు పైన గీతలాంటి మచ్చ ఉండిపోయింది. ఇప్పుడు అమలాపురంలో ఆటో నడుపుతున్నాడు.

మొన్న సంక్రాంతికి ఫోన్ చేస్తే, మాటల్లో అడిగాడు. "అన్నయ్యగారండీ, ఆ సలాలా ఆకు ఏమైందండీ?"

చెప్పాను. నేను అతనికి గొప్పగా చెప్పిన మూడు వారాలకి రెండో వరస నిండింది. క్రిమిని ఆపిన మోతాదులోనే ఆ సారం కణాల్ని కూడా చంపింది. పక్కన పెట్టేశారు.

"ఆ ముక్క కూడా అప్పుడే చెప్పుండాల్సిందండీ" అన్నాడు, కోపం లేకుండా.

"అవును తమ్ముడూ" అన్నాను.

పట్టికలో ఆ అడ్డవరస ఇంకా ఉంది. ఐదు నీలం గడులు, వాటి పక్కన రెండో నిలువు వరసలో ఎర్ర గుర్తు. ఆ వరస పెట్టింది నేనే.