ఉప్పాడ తీరము
మాది ఓరుగల్లు చెంతనున్న ఎనుమాముల. అంగడికి వచ్చు మిరపకాయల ఘాటును, ప్రత్తి బస్తాలును మాకు నిత్యపరిచితములు. సముద్రము మాత్రము కథలలో విన్నదే. జాందానీ చీర కొనవలెనను నెపమున కాకినాడ మీదుగా ఉప్పాడకు బోయి దానిని మొదటిసారి చూచితిని.

ఆ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది గాని, వానిని నేయు ఊరిని కడలి కోసికొనిపోవుచున్నది. అడ్డుగా బోసిన రాళ్లను గూడ కెరటములు దాటుచున్నవి. చేపలమ్ము ముసలమ్మ యొకతె నీళ్లవైపు వ్రేలు చూపి, "అదిగోనమ్మా, నేను కాపురానికొచ్చిన ఇల్లు అక్కడుండేది" అన్నది. నాకచ్చట నొక పడవ తప్ప మరేమియు గనబడలేదు.

ఇందుకు తీరప్రవాహములును, తుపానులును కారణములే. వానికి తోడు, భూమి వేడెక్కుటచే మంచు కరగియు, నీరు వ్యాకోచించియు 1901 మొదలు 2018 వరకు సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. జానెడే గదా యని తేలికగా దలపకుడు! మాల్దీవులలో నూటికి ఎనుబది పాళ్ల నేల మీటరెత్తుకు లోపలనే యున్నది. మనకు వెనుకకు జరుగుటకు చోటున్నది; ద్వీపవాసులకేది? మన తెలుగువారు 1903 మొదలు కూలికి బోయి స్థిరపడిన ఫిజీలో, వునిదొగొలోవా యను పల్లెను 2014లో ఎగువకు దరలించిరి. ఆ యేటనే కిరిబాటి దేశము ముందుజాగ్రత్తగా ఫిజీలో భూమి కొన్నది.

బయలుదేరునపుడు ముసలమ్మను మా యూరికి రమ్మంటిని. "అక్కడ సముద్రం లేదు కదమ్మా, ఏం తిని బతకను?" అని నవ్వి, గంప నెత్తికెత్తుకొన్నది.