‘కావచ్చు’ అన్న మాట



గత వేసవిలో నా ఎడమకంటి చూపు మసకబారినది, చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కినవి. చెన్నైలోని ఒక నరాల వైద్యుడు మెదడుకు ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు. ఆంగ్లంలోనున్న ఆ నివేదికలో తెల్లని మచ్చలున్నాయనీ, మల్టిపుల్ స్క్లిరోసిస్ కావచ్చుననీ చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. ఇక సుద్దముక్క పట్టలేనేమోనని భయం.

మరునాడు వైద్యుడు విడమరచి చెప్పారు. విద్యుత్తీగకు తొడుగువలె నరాల తంతువులను కప్పి ఉంచే పొర మైలిన్. ఈ వ్యాధిలో శరీర రక్షణవ్యవస్థే ఆ పొరను దెబ్బతీస్తుంది. కాని మచ్చలన్నీ దీనివే కావు. వయస్సు, రక్తపోటు, పార్శ్వపు తలనొప్పి వలన కూడా రావచ్చును. అందుచేతనే 2001లో ఏర్పడి, తరువాత పలుమార్లు సవరింపబడిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు, మచ్చలు ఏయే చోట్ల, ఏయే కాలాల్లో వచ్చాయో రోగి లక్షణాలతో కలిపి చూడమంటాయి. అవసరమైతే వెన్నునీటిని కూడా పరీక్షిస్తారు.

‘కావచ్చు’ అనేది సంభావనార్థకమని ఇన్నేళ్ళుగా పిల్లలకు చెప్పిన నేనే దానిని ‘అయినది’ అని చదువుకున్నాను!

నా విషయం ఇంకా తేలలేదు. మరొక స్కాన్ తీయవలసి ఉన్నది. పాఠాలు మాత్రం ఆపలేదు.

అరుదుగానైనా ఈ వ్యాధి పిల్లలకూ వస్తుంది. చూపు మసకబారినదనో, చేయి తిమ్మిరిగా ఉన్నదనో విద్యార్థి చెబితే బద్ధకమని కసరకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీనిని వైకల్యాల జాబితాలో చేర్చినది. మీ ఇంటికి ఇటువంటి నివేదిక వస్తే, సందేహాలు కాగితంపై వ్రాసుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి. తీర్పు మాత్రం మీరు వ్రాయకండి.