ఆ ఆకు నూరడం ఆపొదినా!

ఆగొదినా, ఆ సీతాఫలం ఆకు నూరకు. గోడకి ఇవతల నాకు వాసన తగలగానే అనుకున్నాను, ఇదేదో వైద్యమేనని. ఎద్దుకి పుండుపడి పురుగు పడితే మన చుట్టుపక్కల ఊళ్ళలో ఆ ఆకే నూరి కూరతారు, పురుగు చస్తుంది, నేను కాదనను. కానీ ఎద్దెక్కడ, మీ చంటోడి గినీ పిగ్గెక్కడ? నిండా కిలో తూగదు. రాసింది రాసినట్టు నాకేస్తుంది. ఆ రసం కంట్లో పడితే మనుషులకే కన్ను వాచిపోతుంది. కర్పూరం, టర్పెంటు నూనె, పశువులకి వాడేవేవీ దీని దగ్గరికి తేకు. పసుపంటావా? పొడి వేస్తే పుండు నోట్లో గడ్డకట్టి కూర్చుంటుంది, లోపలి చీము లోపలే ఉండిపోతుంది.

ఏదీ, బుట్టతో సహా ఇలా గోడ మీద పెట్టు. తువ్వాలు చుట్టు, మొహం ఒక్కటే బయటికుండాలి. నడుం కింద చెయ్యి పెట్టు, ఒళ్ళు వేలాడకూడదు. ఆఁ, ఇది రెండోది కొరికిన కాటే. రెండూ మగవే కదా? ఈడొచ్చాక ఒక గూట్లో ఇమడడం కష్టం. రెండోదాన్ని పక్క బుట్టలోకి మార్చు. మరీ దూరం చెయ్యకు, ఒకటి కనబడకపోతే ఇంకోటి దిగులు పడుతుంది.

వీటి చీము మనకి కారినట్టు కారదొదినా, జున్నులా గట్టిగా ఉంటుంది. అందుకే గడ్డ దానంతటది అణగదు, చుట్టూ తిత్తి కట్టుకుంటుంది. నొక్కి తీసేద్దామని మాత్రం చూడకు, తిత్తి లోపలికి పగిలిందా, చీమంతా ఒంట్లోకే పోతుంది. మూసుకుపోయిన గడ్డయితే డాక్టరు కొయ్యాల్సిందే. ఇది నోరు తెరుచుకుని ఉంది కాబట్టి డాక్టరు చూసేలోపు మనం చేసే పని కొంత ఉంది. అర లీటరు నీళ్ళు మరగబెట్టి, చిన్న చెంచాడు ఉప్పు వేసి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగు. శుభ్రమైన గుడ్డ అందులో ముంచి పిండి పుండు మీద ఓ ఐదు నిమిషాలు ఆనించి ఉంచు. మెత్తబడి ఎంత వస్తే అంతే, మెల్లగా తుడువు. రోజుకి రెండు మూడు సార్లు. చుట్టూ బొచ్చు ముందే చిన్న కత్తెరతో కత్తిరించు, లేకపోతే చీముతో అట్టకట్టేస్తుంది. బెటాడిన్ ఉంటే నీళ్ళలో పల్చటి డికాక్షన్ రంగొచ్చేదాకానే కలుపు, చిక్కగా పొయ్యకు. డెట్టాల్ వద్దే వద్దు. పైన చెక్కు కట్టేసిందని సంబరపడకు, ఈ పుండు లోపల్నుంచి పైకి మానాలి. కట్టు కట్టావో, దాన్నీ కొరికి తినేస్తుంది.

ఏంటది, చంటోడి జలుబు సిరప్పా? అమోక్సిసిలినా! పెట్టెయ్, పెట్టెయ్, లోపల పెట్టెయ్. ఆకు సంగతెలా ఉన్నా ఇది మాత్రం ప్రాణం తీస్తుంది. దీని తిండంతా గడ్డే కదా, ఆ గడ్డిని పేగులో అరిగించేవి సూక్ష్మజీవులే. పెన్సిలిన్ జాతి మందు నోట్లో పడితే ఆ మంచివి చచ్చి, చెడ్డవి పెరిగి, అవి విషం కక్కి, విరేచనాలు పట్టుకుని రోజుల్లో పోతుంది. నేను బడిలో చెప్పేదాన్ని: 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో ఎనిమిది చిట్టెలుకలకి జబ్బు సూక్ష్మజీవుల్ని ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. తెల్లారేసరికి ఇవ్వని నాలుగూ చచ్చాయి, ఇచ్చినవి బతికాయి. ఆ ఎలుకల బదులు గినీ పిగ్గులే ఉంటే ఏమయ్యేదో! అవి పెన్సిలిన్‌కి చచ్చిపోతున్నాయని 1943లో గాని బయటపడలేదు. నీ అల్మారాలో నియోస్పోరిన్ ఉంటుంది కదా, అదీ వద్దు. అందులో బాసిట్రాసిన్ ఉంది, నాకితే అదీ పేగు మీదే దెబ్బ కొడుతుంది. దీనికి పడే యాంటీబయాటిక్కులు వేరే ఉన్నాయి, బరువు చూసి డాక్టరు రాస్తాడు.

మన చేతిలో ఉన్న అసలు మందు జామకాయ. నవ్వకు! ఒంట్లో సి విటమిన్ తయారు చేసుకోలేని జంతువుల్లో మనమూ ఉన్నాం, ఇదీ ఉంది. అది లేకపోతే కొత్త చర్మం అతుక్కోదు, మానిన పుండు కూడా తిరగబెడుతుంది. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అని ఇద్దరు బెరిబెరి సంగతి తేల్చుదామని వీటికి వట్టి ధాన్యం మేపారు. వచ్చింది బెరిబెరి కాదు, స్కర్వీ! ఓడల మీద నావికుల్ని చంపేదే, అదే జబ్బు. జబ్బుపడ్డప్పుడు దీనికి రోజుకి ముప్పై నుంచి యాభై మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలి, చిన్న జామ ముక్కలో అంత ఉంటుంది. గింజ తీసి పెట్టు. ఉసిరిలో ఇంకా ఎక్కువే గానీ ఆ పులుపుకి మూతి తిప్పుకుంటుంది. కొత్తిమీర నాలుగు రెబ్బలు పెట్టు. మునగాకు ఎక్కువ పెట్టకు, సున్నం ఎక్కువై మూత్రంలో రాళ్ళు కట్టొచ్చు. సి విటమిన్ మాత్ర నీళ్ళలో కలిపితే మాత్రం వెలుతురుకే సగం పోతుంది.

ఇంకోటి, ఆ గోనెపట్టా తీసెయ్. ఈ ముసురుకి అరకులో ఏదీ ఆరదు, తడికి ఈగలు, ఈగలకి గుడ్లు, ఒక్కరోజులో పురుగు. పాత చీర ముక్కలు పరిచి రోజూ మార్చు. పుండు మానేదాకా రంపపు పొట్టు వద్దు, అంటుకుంటుంది. బుట్ట మీద దోమతెర ముక్క కప్పి, పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి కింద వైపంతా తిప్పి చూడు. పురుగు కనబడితే ఇంట్లో వైద్యం అయిపోయినట్టే, ఆ గంటే బయల్దేరాలి.

పుండు కంటే తిండి మీద కన్నెయ్. వీటి పేగు ఆగకూడదు. అర పూట గడ్డి ముట్టకపోయినా, పెంటికలు తగ్గినా డాక్టరు దగ్గరికే. అంతదాకా దాని మేత గుళికలు నానబెట్టి జావలా చేసి, సూదిలేని సిరంజితో మూతి పక్కనుంచి కొంచెం కొంచెం పట్టు. ఎదురుగా కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎవరు చూస్తారంటావా? ఇక్కడి పశువుల ఆసుపత్రి డాక్టరు ఆవులు, మేకలే ఎక్కువ చూసినా, కోత, మందు తెలియనివాడేం కాదు. సిరప్పు పేరు కాగితం మీద రాసుకెళ్ళి, ఇది పడదు కదా అని నువ్వే అడుగు, సిగ్గేముంది. కాదంటే విశాఖే, నూటపదిహేను కిలోమీటర్ల దారి. అనంతగిరి ఘాటు దిగేదాకా చల్లగానే ఉంటుంది, కింద వేడికి ఇది తట్టుకోదు. బుట్టలో గడ్డి, తడిగుడ్డ చుట్టిన నీళ్ళ సీసా పెట్టు. ఇది చలి కొండల జంతువు. పెరూలో వంటింట్లో పొయ్యి పక్కనే పెంచుతారట... తినడానికే. చంటోడి ముందు మాత్రం అనకు, ఏడుస్తాడు.

జామకాయలు మా కొమ్మవి కోసుకో, అటు మీ వైపే వంగింది. మరీ మగ్గినవి వద్దు, దోరవి. కూరల కాటా మీద ఇప్పుడే తూచి, ఆ బరువు క్యాలెండరు మీద రాసి పెట్టు. రేపు ఈ వేళకి మళ్ళీ తూచు. యాభై గ్రాములు తగ్గిందో, నన్ను లేపు, మా ఆయన్ని కారు తియ్యమంటాను.